నాలుక లేని సింహం

ఏప్రిల్ 5, చింగ్‌మింగ్, పెద్దల సమాధులు బాగుచేసే రోజు

మా ఆవిడ యూచిన్, అమ్మాయి పురిటికని జెంగ్‌జౌ వెళ్ళాక నా జోకులకి నవ్వేవాళ్ళు ఇంట్లో లేరు. ఉన్నప్పుడు మాత్రం ఆవిడ నవ్విందా, లేదు. విసుక్కునేది. అదైనా ఉండేది. అందుకని ఈ డైరీ మొదలుపెట్టాను. ఎరువుల కొట్టువాడు ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ కింద ఒక పురుగు వెల్లకిలా పడి ఉంది, చచ్చినట్టు.

ఇవాళ యాన్ గురువుగారి సమాధి దగ్గర గడ్డి పీకి, కాగితాలు కాల్చి, సారా పోసి వచ్చాం, నేనూ, నాతోపాటు ఆయన దగ్గర పని నేర్చుకున్న జిన్‌షెంగూ. వాడు జిల్లా కేంద్రం నుంచి బస్సులో వచ్చాడు. గురువుగారి కంచు ధూపపాత్రని ఒళ్ళో పెట్టుకుని, లోపల నిప్పు ఆరకుండా తెచ్చాడు. చలికాలం వాడి వంతు అయిపోయింది, వేసవి నా వంతు మొదలైంది. గురువుగారు పోయేముందు అన్న మాట ఇది. ఒకడికిస్తే రెండోవాడు ఏడుస్తాడు, ఇద్దరికీ ఇస్తే కొట్టుకుంటారు, వంతులేసుకుని పెంచుకోండిరా అన్నారు.

పెంచడం అంటే యూచిన్‌కి ఇప్పటికీ మంటే. కూతుర్ని ఎత్తుకున్నదానికంటే ఈ ధూపపాత్రని ఎత్తుకున్నదే ఎక్కువ అంటుంది. పిల్లకి జ్వరం వస్తే నిద్రపోయావు, దీనిలో నిప్పు ఆరిపోతుందేమోనని చుట్టాల పెళ్ళికి పిలిస్తే కూడా రాలేదు అంటుంది. నిజమే. పిల్లకి జ్వరం వస్తే అమ్మ ఉంది. పాత్రకి ఎవరున్నారు? బూడిదలో ఎప్పుడూ ఒక బొగ్గు బతికుండాలి, పైన రోజూ అరచేత్తో నిమరాలి. కడగకూడదు. తోమకూడదు. పెద్ద మంట అసలే పెట్టకూడదు. అలా ఏళ్ళకేళ్ళు చేస్తే కంచుకి తోలు వస్తుంది, ఎండు రేగుపండు తోలులాగ. గురువుగారి తాత పెంచాడు, నాన్న పెంచాడు, గురువుగారు పెంచారు. ఇరవై ఏళ్ళ పైనుంచి మేం పెంచుతున్నాం.

జిన్‌షెంగ్ ఈసారి సమాధి ముందు నుదురు నేలకి ఆనించి చాలాసేపు లేవలేదు. నడుం పట్టేసిందేమో అనుకుని చెయ్యిచ్చాను. కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. నూడిల్స్ తిని వెళ్ళరా అంటే, పని ఉందన్నాడు. ఇన్నేళ్ళలో నా ఇంట్లో తినకుండా వెళ్ళడం ఇదే మొదలు. కాళ్ళకి కొత్త బూట్లు. బాగున్నాయిరా అంటే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు, బూట్లు నేను అడిగేస్తానేమోనన్నట్టు.

ఏప్రిల్ 7

పాత్ర పిడి చురుక్కుమంది. రెండు పక్కలా పిడి అంటే సింహం తలే. సింహం చెవి పట్టుకుంటే వేలు కాలింది. ఇన్నేళ్ళలో ఆ చెవులు ఎప్పుడూ వేడెక్కలేదు. బొగ్గు కొత్తది, అదీ సంగతి.

ఏప్రిల్ 15

వేడెక్కినప్పుడు పాత్ర దగ్గర పుల్లటి వాసన వస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. జిన్‌షెంగ్ కంచుకి రంగులు వేసేవాడు కదా, వాడింట్లో దుప్పట్లు కూడా ఆమ్లం వాసనే వస్తాయి. వాడి పెళ్ళాం ఆ వాసన భరించలేక సగం రోజులు పుట్టింట్లోనే ఉంటుంది. చలికాలమంతా ఆ ఇంట్లో ఉంది కాబట్టి పాత్రకి పట్టి ఉంటుంది.

పోతుందిలే.

ఏప్రిల్ 27

వాన. మైనం పని ఏదీ లేదు.

గురువుగారు మా ఇద్దరికీ ఒకే విద్య నేర్పలేదు. నాకు మైనం ఇచ్చారు, వాడికి తోలు ఇచ్చారు. మైనంతో బొమ్మ చెక్కడం, అచ్చు పోయడం నా వంతు. పోత పోసిన కొత్త కంచుకి మందులు పూసి పాతదానిలా కనబడేట్టు చేయడం వాడి వంతు. ఇద్దరూ కలిస్తేగాని ఒక మంచి నకలు తయారవదు. కావాలనే అలా చేశారేమో, విడిపోకుండా ఉంటామని. లేదా ఒక్కడికి రెండూ నేర్పడానికి బద్ధకమేమో. ఆయన బద్ధకస్తుడే.

నకళ్ళకి ఆయన నియమం ఒకటుండేది. ఎంత బాగా చేసినా అందులో ఒక తప్పు కావాలని పెట్టాలి, అది ఎప్పటికీ అసలుగా చెలామణి కాకుండా. తప్పు లేని నకలు దొంగతనం కింద లెక్క అనేవారు.

పోయినేడు వేసవిలో, పాత్ర నా దగ్గరున్నప్పుడు, జిన్‌షెంగ్ వచ్చి దీనికి ఒక నకలు చేయన్నా, జిల్లాలో పిల్లల బడికి ఇస్తా, పట్టుకుని చూసుకుంటారు అన్నాడు. పిల్లలు పట్టుకుంటారంటే నాకూ సరదా పుట్టింది. మబ్బుల తీగ మలుపు మలుపూ తీశాను. రెండు సింహాల తలలూ తీశాను. తూకం కూడా సరిపోయేట్టు పోశాను. తప్పు మాత్రం కుడి సింహానికి పెట్టాను. అసలుదానికి రెండు సింహాలకీ పళ్ళ వెనకాల నాలుక ఉంటుంది. నకలుకి కుడివైపు దానికి నాలుక పెట్టలేదు. బడిలో అల్లరి తగ్గడానికి ఒక సింహమైనా నోరుమూసుకు ఉండాలన్నాను. వాడు పగలబడి నవ్వాడు. ఆ తర్వాత తోలు వేయడానికి పట్టుకెళ్ళాడు.

ఇవాళ ఇదంతా ఎందుకు రాశానో తెలీదు. వాన.

మే 6

పాత్ర నిమిరాను. బాగుంది. కుడి సింహం నోట్లోకి చూడలేదు. చూడాల్సిన పనేముంది?

మే 11

చూడలేదు.

మే 23

జిన్‌షెంగ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. తర్వాత వాడి పెళ్ళాం చేసింది. ఆయన జిల్లా ఆఫీసువాళ్ళతో తిరుగుతున్నారు బావగారూ, మంచి చొక్కాలన్నీ మురికైపోతున్నాయి అంది. ఏం పనమ్మా అంటే, ఏదో విద్యల గురించి అంది. విద్య గురించి ఆఫీసువాళ్ళకి అనుమానాలు వస్తే వీడేం తీరుస్తాడు అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. మామూలుగా నా జోకులకి ఆ ఇంట్లో నవ్వే మనిషి ఆవిడే.

జూన్ 4

గోధుమ కోతలకి కూలీలు దొరకలేదని పక్కింటివాళ్ళు నన్ను లాక్కుపోయారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, టార్చ్ లైటు తెచ్చి, కుడి సింహం నోట్లో వేసి చూశాను.

నాలుక ఉంది.

పళ్ళ వెనకాల, ముడుచుకుని, శుభ్రంగా ఉంది. ఎడమ సింహానికీ ఉంది. రెండింటికీ ఉన్నాయి. మళ్ళీ చూశాను. పక్కింటి ముసలావిడని పిలిచి చూపించాను. నాలుకే కదా, ఉంటే ఏంటి అంది. ఉండాలమ్మా, అదే గొప్ప అన్నాను. ఎండదెబ్బ తగిలిందేమో చూసుకో అని వెళ్ళిపోయింది.

రెండు నెలల నుంచి నా బుర్రలో ఎంత చెత్త పెట్టుకుని తిరుగుతున్నానో ఇప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళు ఒకే కొలిమి దగ్గర చెమటలు కక్కినవాడిని అనుమానించాను. ఒక పిడి వేడెక్కిందని, వాసన వచ్చిందని. ఛీ. సెంటరుకి నడిచివెళ్ళి రెండు గిన్నెల మటన్ సూప్ తాగాను, రొట్టెలు ముంచుకుని. యూచిన్‌కి ఫోన్ చేసి ఊరికే నవ్వాను. తాగావా అంది. సూప్ అన్నాను.

జూన్ 9

మనవడు పుట్టాడు. చెవులు నావి అంటున్నారు. పాపం.

జూన్ 19

యూచిన్ ఫోన్. మనవడి సంగతులు చెప్తుందనుకుని కాళ్ళు చాపుకు కూర్చున్నాను.

అమ్మాయి ఫోన్‌లో ఏదో వీడియో వచ్చిందట. జిల్లాలో పాత విద్యల గురించి కొత్తగా ఒక హాలు కట్టారు, జిన్‌షెంగ్ అక్కడ ఎర్ర పూల గుత్తి గుండెకి పెట్టుకుని నిలబడ్డాడు. ప్రభుత్వం వాడిని యాన్ గురువుగారి విద్యకి వారసుడిగా గుర్తించిందట. పట్టా కూడా ఇచ్చారు. పక్కన అద్దాలపెట్టెలో పాత్ర.

"ఏకైక శిష్యుడు అని చదివారయ్యా మైకులో. ఏకైక అంటే ఒక్కడే కదా?"

ఒక్కడే అన్నాను.

"మరి నువ్వెవరు?"

పాత్ర ఇక్కడే ఉందిగా, నా ఎదురుగానే ఉంది, అద్దాలపెట్టెలో ఎలా ఉంటుంది అన్నాను. అదే నేనూ అడుగుతున్నాను అంది.

జూన్ 21

నేను ఫోన్ చేయలేదు. వాడే వచ్చాడు, మోటారుసైకిల్ మీద, వెనకాల పెద్ద పుచ్చకాయ కట్టుకుని. మా అమ్మాయి వాడి పెళ్ళానికి వీడియో గురించి చెప్పిందట. ఆడవాళ్ళ దగ్గర మాట ఆగదన్నా అన్నాడు. మగవాళ్ళ దగ్గర ఆగిన మాట ఏంటో చెప్పు అన్నాను.

పుచ్చకాయ కోశాడు. కత్తి తుడిచాడు. నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"అక్కడున్నది నకలన్నా. నువ్వు చేసిందే. గురువుగారి పాత్రని ఎవడైనా అద్దాలపెట్టెలో పెడతాడా?"

పిల్లల బడికన్నావు కదా అన్నాను. బడివాళ్ళు తర్వాత వద్దన్నారట. ఆఫీసువాళ్ళు ఏదో ఒకటి పెట్టాలి, లేకపోతే పట్టా రాదన్నారట. ఏకైక సంగతి ఏంట్రా అన్నాను. ఊరికి ఒక్కడినే గుర్తిస్తారన్నా, నువ్వేమో ఫొటో అంటేనే గోడ దూకి పారిపోయే మనిషివి, అందుకని నా పేరు చెప్పాను, ఏకైక అని రాసింది వాళ్ళు అన్నాడు. అది నిజమే. నేను ఫొటోల్లో పడను. మా పెళ్ళి ఫొటోలో కూడా నా భుజం ఒక్కటే పడింది.

నాకు కొంచెం తేలికపడింది. పోనీలే, పేరే కదా తీసుకున్నాడు, పాత్ర కాదు. అప్పుడు అడిగాను, ఆ నకలుకి కుడి సింహానికి నాలుక లేదుగా, ఎవరూ అడగలేదా అని.

"పెట్టేశానన్నా. పెద్ద పెద్దవాళ్ళు వస్తారు, ఒక సింహం మూగది ఎందుకయ్యా అంటే ఏం చెప్పను? తగరంతో చిన్నది అతికించి రంగు వేశా."

నవ్వాడు. నేనూ నవ్వాను. గురువుగారి నియమం అనలేదు నేను. పుచ్చకాయ తియ్యగా ఉంది.

వాడు వెళ్ళాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చున్నాను. గింజలు ఏరుకుంటూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. నకలుకి కూడా నాలుక ఉన్నట్టయితే, నా ఇంట్లో ఉన్నదానికి నాలుక ఉండటం దేనికీ సాక్ష్యం కాదు.

జూన్ 24

వాడు నకలు అన్నాడు. వాడు నాతో అబద్ధం చెప్పడు.

జూన్ 25

పేరు గురించి చెప్పలేదు. అది అబద్ధం కాదు, చెప్పకపోవడం. తేడా ఉంది.

జూలై 8

జిల్లాకి వెళ్ళాను. బస్సులో పక్కన కూర్చున్నాయన ఎక్కడికి అంటే, బంధువుని చూడ్డానికి అన్నాను. ఏమైందట అంటే, హాల్లో పెట్టారట అన్నాను. అయ్యో అన్నాడు.

హాలు పెద్దది, చల్లగా ఉంది. నేల మీద నా మొహం కనబడింది, ఆ మొహానికి అక్కడ పనేమిటో అర్థంకానట్టే ఉంది. మధ్యలో అద్దాలపెట్టె. పాత్ర లోపల ఉంది. కింద బోర్డు మీద యాన్ గురువుగారి పేరు, కింద జిన్‌షెంగ్ పేరు, ఏకైక శిష్యుడు ఇరవై ఏళ్ళకి పైగా నిప్పు ఆరకుండా పెంచిన పాత్ర అని. నిప్పు ఆరకుండా అని రాసిన పాత్రలో నిప్పు లేదు. బూడిద కూడా లేదు. కడిగినట్టుంది.

అక్కడ నిలబడిన అమ్మాయిని అడిగాను, లోపల బొగ్గు వేయరా అని.

"అగ్గి పెడితే అలారం మోగుతుంది తాతా. అద్దం మీద చెయ్యి తీయండి, మరకలు పడతాయి."

నేను తాతనయ్యి నెల. ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో.

కుడి సింహం గోడవైపు తిరిగి ఉంది. కొంచెం ఇటు తిప్పుతారా అంటే, అది మా చేతుల్లో లేదంది. అడిగి మాత్రం ఏం లాభం, నాలుక ఇప్పుడు రెండింటికీ ఉంది. తోలు చూశాను. అద్దం, పైన కరెంటు దీపాలు, ఏం తెలుస్తుంది. భుజం మీద, మబ్బుల తీగ తిరిగే చోట, ఆకుపచ్చగా జొన్నగింజంత మచ్చ ఒకటి కనబడింది.

మందులతో వేసిన తోలు మీద జిన్‌షెంగ్ మైనం పూస్తాడు. దానికి ఒక్క వేసవిలో పచ్చ మచ్చ రాదు. నిప్పు తినడం అలవాటైన పాత్రని చల్లబెడితే వస్తుంది.

దీపం వెలుగు అలా పడి ఉండొచ్చు.

జూలై 9

దీపం వెలుగే.

జూలై 30

యూచిన్ ఫోన్‌లో పోట్లాడింది. ఆఫీసుకి వెళ్ళి అడగవయ్యా, నోరు లేదా నీకు అంది. వెళ్ళి ఏమని చెప్పాలి అన్నాను. అద్దాలపెట్టెలో ఉన్నదే అసలు అని చెప్పాలా? వాళ్ళూ అదే అంటున్నారుగా. నా ఇంట్లో ఉన్నది నకలు అని చెప్పాలా? చేసిందెవరు అంటే నేనే. అప్పుడు దొంగ ఎవడంటావు?

మనవడు ఏడుస్తున్నాడు వెనకాల. అయితే తెలిసిపోయిందన్నమాట నీకు అంది యూచిన్.

తెలియలేదు అన్నాను.

ఆగస్టు 12

తెలుసుకోవడానికి దారి ఒకటే ఉంది. అది ఈ వృత్తిలో అందరికీ తెలుసు, ఎవరూ చేయరు.

పెద్ద మంట పెట్టాలి. మందులతో వేసిన తోలు పైపైనే ఉంటుంది, గట్టి మంట తగిలితే పొరలు లేచి రాలిపోతుంది. పెంచిన తోలు రాలదు. కానీ మాడిపోతుంది. మాడిన తోలు మళ్ళీ దారికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అప్పటికి నేనుంటానో లేదో. గురువుగారి నాన్న చేతి వెచ్చదనం, తాత చేతి వెచ్చదనం, అన్నీ నల్లగా అయిపోతాయి. నకలైతే పోయేదేం లేదు. అసలైతే నేనే చంపినట్టు.

అసలైతే బాగుండునని కోరుకుంటున్నాను. అసలైతే మంట పెట్టకూడదు. పెడితేగాని అసలో కాదో తెలీదు. ఇలాంటి లెక్క బళ్ళో ఇచ్చుంటే అప్పుడే పారిపోయేవాణ్ణి.

ఆగస్టు 13

తోలు రాలలేదనుకో. మాడిందనుకో. జిన్‌షెంగ్ నిజమే చెప్పాడన్నమాట. అప్పుడు వాడికి ఏం చెప్తాను? నిన్ను నమ్మలేక గురువుగారి పాత్రని మాడ్చానురా అని చెప్తానా?

పెట్టను.

ఆగస్టు 25

పొద్దున్నే పెరట్లో, తిన్నాక, చేతులు కడుక్కుని, పెట్టాను.

బొగ్గులు అంచుదాకా నింపి విసనకర్రతో విసిరాను. చాలాసేపు ఏమీ కాలేదు. ఆపేద్దామనుకున్నాను. ఇంకొంచెం అనుకున్నాను. అప్పుడు మబ్బుల తీగ మీద చిన్న బుడగ లేచింది, చర్మం మీద కాలిన బొబ్బలాగ. పగిలింది. రాలింది. తర్వాత అన్నిచోట్లా రాలింది, కమలాపండు తొక్కలాగ పెచ్చులు పెచ్చులుగా. కింద నుంచి పచ్చి కంచు, పసుప్పచ్చగా, నిన్ననే పోసినట్టు బయటపడింది.

కుడి సింహం నాలుక ఊడి బూడిదలో పడింది.

మొదట ఏమనిపించిందంటే, హమ్మయ్య అనిపించింది. మాడలేదు. గురువుగారి పాత్రని నేను మాడ్చలేదు. అది క్షేమంగా ఉంది, అద్దంలో, చల్లగా.

ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

ఆగస్టు 26

నేను చేసిన సింహాలే. నాలుగు నెలలు నిమిరాను. నా వేళ్ళు చెక్కిన మబ్బుల్ని నా వేళ్ళకే తెలియలేదు. తెలిసింది. తెలియనివ్వలేదు.

ఆగస్టు 29

సమాధి దగ్గర వాడు నుదురు నేలకి ఆనించి లేవకపోతే నడుం పట్టేసిందనుకుని చెయ్యిచ్చాను. చెయ్యిచ్చి లేపాను.

సెప్టెంబరు 14

నిప్పు ఆర్పలేదు. పెచ్చులూడిన పాత్రలోనే ఉంచాను. ఎందుకని నన్ను నేనే అడిగాను. వాడు ఏప్రిల్‌లో అసలుదాంట్లోంచి తీసి దీంట్లో వేసి తెచ్చాడు కదా. నిప్పు మాత్రం గురువుగారిదే. దానికి నకలు చేయడం మాకెవరికీ నేర్పలేదు.

లేదా వాడు దాన్ని కూడా అక్కడే ఆర్పేసి బస్టాండు దగ్గర ఎవరి పొయ్యిలోంచో ఒక బొగ్గు తెచ్చుకున్నాడేమో. ఆ ఆలోచన రాకుండా ఉంటే బాగుండేది.

అక్టోబరు 10

యూచిన్ వచ్చింది. సంచీ దించి, చెప్పులు కూడా విప్పకుండా, బల్ల మీదున్న పాత్రని చూసింది. ఇన్నేళ్ళు దాన్ని సవతిలా చూసిన మనిషి, దగ్గరికెళ్ళి పెచ్చు లేచిన చోట వేలితో రాసింది. పాపం అంది. పాత్రనో నన్నో తెలీలేదు.

రాత్రి భోజనం దగ్గర, వాడిని ఈ ఇంటి గడప తొక్కనివ్వను అంది. నవంబరులో వాడి వంతు ఉంది, వస్తాడు అన్నాను. ఏం మొహం పెట్టుకుని వస్తాడు అంది. ఉన్నది ఒక్కటే కదా అన్నాను.

నవంబరు 7, చలికాలం మొదలు

వాడు రాడేమో అనుకున్నాను. వచ్చాడు. మనవడికని వెండి మొలతాడు తెచ్చాడు. యూచిన్ తీసుకోలేదు. బల్ల మీద పెట్టాడు.

బల్ల మీదే పాత్ర కూడా ఉంది. దాచలేదు, ముస్తాబూ చేయలేదు. సగం రంగు పోయి, సగం పసుప్పచ్చగా, కుడి సింహం నోరు ఖాళీగా ఉంది. లోపల నిప్పు ఉంది. జిన్‌షెంగ్ దాన్ని చూశాడు. నిలబడే ఉన్నాడు. కూర్చోరా అన్నాను. కూర్చున్నాడు.

ఇవాళ కుడుములు తినాలి కాబట్టి యూచిన్ కుడుములు చేసింది. వంటింట్లో మూతలు పడేస్తూ చేసింది. రెండు గిన్నెలు తెచ్చి, నాది నా ముందు పెట్టింది, వాడిది బల్ల మధ్యలో పెట్టి వెళ్ళిపోయింది. వాడే లాక్కోవాల్సి వచ్చింది.

రెండు కుడుములు తిన్నాడు. చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"అన్నా. ఆ పాత్ర..."

వెల్లుల్లి కావాలా అన్నాను.

వద్దన్నాడు. మళ్ళీ తీసుకుని, ఇంకో కుడుము తీసి, నోట్లో పెట్టుకోకుండానే గిన్నెలో వదిలేశాడు. మచ్చలు వస్తున్నాయన్నా అక్కడ, వాళ్ళు బయటికి తీయనివ్వడం లేదు, కాగితాల మీద అది ఇప్పుడు జిల్లాది అన్నాడు. ఏ పాత్ర గురించో అనలేదు. నేను అడగలేదు. ఈ ఏడు చలి తొందరగా వచ్చింది కదా అన్నాను.

"నన్ను ఒక్కసారి చెప్పనివ్వు అన్నా."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు. గురువుగారు కొట్టినప్పుడు కూడా ఇలాగే ఏడ్చేవాడు, కింది పెదవి లోపలికి లాక్కుని. పదహారేళ్ళ వయసులో ఇద్దరం ఒకే దుప్పట్లో పడుకున్నాం. వాడి కాళ్ళు ఐస్‌ముక్కల్లా ఉండేవి, నా పొట్ట మీద పెట్టుకునేవాడు.

లేచి, పాత్రలో బూడిద సర్ది, ఒక కొత్త బొగ్గు పెట్టి, రెండు చేతులతో వాడికి అందించాను.

"నీ వంతురా. బస్సు తప్పిపోతుంది."

వాడు చేతులు చాపలేదు. నేనూ దించలేదు. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. ఆఖరికి వాడే చాపాడు. తీసుకుని ఛాతీకి ఆనించుకున్నాడు. చింగ్‌మింగ్‌కి తెస్తావుగా, అప్పుడు చూస్తాను తోలు ఎంత వచ్చిందో అన్నాను. తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు.

గేటు దాకా వెళ్ళాను. రోడ్డు మీద వాళ్ళూ వీళ్ళూ పలకరిస్తున్నారు వాడిని, టీవీలో చూశామని. వాడు ఆగకుండా నడిచాడు. పిండిమర దగ్గర మాత్రం ఆగి, వంగి, నిప్పు ఉందో లేదో చూసుకుని, నెమ్మదిగా ఊదాడు. నకలని వాడికి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. అయినా ఊదాడు.

నేను లోపలికి వచ్చి గొళ్ళెం పెట్టాను. యూచిన్ గిన్నెలు తీస్తోంది. వాడి గిన్నె నిండుగానే ఉంది.

"చెప్పాడా?" అంది.

లేదన్నాను.

"నువ్వు అడిగావా?"

లేదన్నాను. ఇక మీ ఇద్దరికీ దేవుడే దిక్కు అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెప్పబోయాడని, నేనే చెప్పనివ్వలేదని ఆవిడకి చెప్పలేదు. చెప్తే ఎందుకని అడుగుతుంది. వాడు చెప్పేస్తే తేలికపడిపోతాడు. బస్సులో నిద్రపోతాడు. ఎదుటివాడు ఏడుస్తూ చెప్తే నాకు ఒక్కటే మాట వచ్చు, ఏం పర్లేదులేరా అని. చిన్నప్పటి నుంచీ వాడితో అదే అన్నాను. ఇవాళ కూడా నోటిదాకా వచ్చింది.

పాత్ర ఇచ్చాను. ఆ మాట ఇవ్వలేదు.